ఐదో మనిషి వంతు

జ్యేష్ఠ శుద్ధ పంచమి

ఈ రోజు నుంచి రోజువారీ రాయమన్నారు, రాస్తున్నాను. మూడో మెరకలో ఉన్న ప్రతి ఇల్లూ పౌర్ణమి లోపల ఇంటి ఖర్చులు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకోవాలట. ఎంచుకోని ఇంటికి ఊరి గాదె తలుపు తెరుచుకోదు. బియ్యం, మంచినీళ్ళు, కరెంటు, మందులు, ఇక అన్నీ ఆ సాఫ్ట్‌వేర్ అడిగితేనే దిగుతాయి. మనం అడిగితే కాదు. మూడు రకాలు ఇచ్చారు. మూడూ వాడి చూసి, ఏది ఎలా ఉందో రాసుకుని, ఒకటి ఖాయం చేసుకోవాలి. గాదె గుమాస్తా జోగినాథం ఈ సంగతి చెబుతూ, మా ఇంటికి మూడు పెళ్ళి సంబంధాలు తెచ్చినంత సంబరపడిపోయాడు.

ఇంట్లో నలుగురం. నా పేరు రాజ్యం. సముద్రపు నీళ్ళు వడకట్టే కొట్టులో జల్లెడలు కడుగుతాను. మా ఆయన చిట్టబ్బాయికి భుజం జారింది కాబట్టి ఇంట్లోనే కూర్చుని సముద్రపు గట్టుకి కావలసిన గోతాలు కుడతాడు. వంట మా అత్తగారు మంగాయమ్మది. మా అమ్మాయి హైమ బడిలో పంతులమ్మ పని నేర్చుకుంటోంది. బియ్యం డబ్బా కింద తూకం, కుళాయికి మీటరు, గోడకి మాట్లాడే పెట్టె నిన్ననే బిగించి వెళ్ళారు. వాళ్ళు మెట్లు దిగకముందే మా అత్తగారు ఆ పెట్టె మీద పాత తువ్వాలు కప్పేసింది.

జ్యేష్ఠ శుద్ధ అష్టమి

మొదటి సాఫ్ట్‌వేర్ పేరు నిక్కచ్చి. పేరు పెట్టినవాడికి దణ్ణం పెట్టాలి.

మా అత్తగారికి ఒక అలవాటుంది. నలుగురికీ నాలుగు గ్లాసులు బియ్యం పోస్తుంది కానీ ఏ గ్లాసూ నిండా పొయ్యదు. నాలుగింటిలోనూ తలా కాస్త తగ్గించి, ఆ తగ్గించిన దాంతో ఐదో గ్లాసు పోస్తుంది. అది వచ్చేవాళ్ళకి. వాళ్ళమ్మ అలాగే పోసేదట, వాళ్ళమ్మమ్మా అలాగే పోసేదట. గట్టు కట్టి, గేట్లు పెట్టి, సముద్రం చుట్టూ తిరుగుతున్న ఈ రోజుల్లో మా గుమ్మంలోకి అన్నానికి వచ్చేవాడెవడు? ఎవరూ రారు. ఆ అన్నం పొద్దున్నే చద్దన్నంగా మేమే తింటాం.

నిక్కచ్చికి ఇది నచ్చలేదు. నాలుగో గ్లాసు అవగానే డబ్బా మూత బిగుసుకుపోయింది. "ఐదవ కొలత అనవసరం" అంది పెట్టె.

"అవసరమో కాదో నువ్వు చెప్పేదేంటి? నీ ఇంటికెవడన్నా వత్తే తెలుత్తాది ఆకలంటే ఏంటో" అంది మా అత్తగారు, గరిటె పెట్టె వైపు ఆడిస్తూ. రెండు రోజులూ ఇదే రభస. నిక్కచ్చి వద్దు అని రాసుకున్నాను.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి

రెండోదాని పేరు ముందుచూపు. ఇది తిట్టదు, భయపెడుతుంది. సాయంత్రం ఫ్యాను వేస్తే, శ్రావణంలో హైమకి జ్వరం వస్తే కరెంటు ఎలాగంటుంది. కాస్త చింతపండు తీస్తే, వచ్చే ఏడు పోటుకి చింతపండు పడవ రాకపోతే ఏం చేస్తారంటుంది. ఏదడిగినా రేపటికి దాస్తుంది.

"దీన్ని నమ్ముకుంటే మనం పోయాక బాగా బతుకుతామే రాజ్యం" అన్నాడు మా ఆయన. నవ్వాను. ఆయన ఇలాంటివి మొహంలో ఏమీ కనపడనివ్వకుండా అంటాడు, సూది మీంచి చూపు తియ్యడు. ముందుచూపు కూడా వద్దు.

జ్యేష్ఠ పౌర్ణమి

మూడోది పెద్దక్క. నిజంగా మనిషి గొంతే. నన్ను "చెల్లీ" అంది, మా ఆయన్ని "మరిదిగారూ" అంది. మా అత్తగారు తనంతట తనే తువ్వాలు తీసేసిందంటే ఇంకేం చెప్పను.

పొద్దున్న బియ్యం పోస్తుంటే అడిగింది.

"అత్తయ్యగారూ, నాలుగు తలలకి ఐదు గ్లాసులు పోత్తన్నారు. ఐదోది ఎవరికండీ?"

"వచ్చేవోడికి."

"రోజూ వత్తాడాండీ?"

"వత్తే పెట్టాలిగా అమ్మా."

మధ్యాహ్నం నేను ఒక్కదాన్నీ ఉన్నప్పుడు పెద్దక్క మెల్లిగా పిలిచింది.

"చెల్లీ, నా దగ్గర దాచకు. ఐదు గ్లాసులూ వండుతున్నారు, మెతుకు మిగలట్లేదు. నలుగురి వంతు ఐదుగురు పంచుకుని తింటన్నారు. అందుకే అందరూ ఇలా చిక్కిపోయారు. ఆ మనిషిని రాయించేద్దాం. వంతు వస్తాది."

అలాంటి మనిషి లేడు అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే హైమ బడి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. పిల్ల చేతి గాజులు మోచేతిదాకా జారిపోతున్నాయి. నేను నోరు మూసుకున్నాను.

"వయసెంత చెల్లీ?"

"వయసుని బట్టి వంతు మారుద్దా?"

"ముసలోళ్ళకి తక్కువ. పాతికేళ్ళ కుర్రోళ్ళకి అందరికన్నా ఎక్కువ."

"పాతికేళ్ళు" అన్నాను. అంత తొందరగా నేను ఎప్పుడూ ఏ దానికీ జవాబు చెప్పి ఉండను.

సాయంత్రం చెబితే మా ఆయన కుట్టడం ఆపేశాడు. లేని మనిషి వంతు తింటే ఇంటిల్లిపాదినీ గట్టు అవతలికి పంపేస్తారని గుర్తు చేశాడు. గట్టు అవతల ఏముంది, నీళ్ళే. "మనం అడగలేదు, అదే ఇస్తానంది" అన్నాను. "లేడని ఎవడు వచ్చి చూస్తాడు?" అని కూడా అన్నాను. ఆయన హైమ వైపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"సరే. ఇన్నేళ్ళకి నాకో తమ్ముణ్ణి కన్నావు. పేరు నేను పెడతాను. సూరిబాబు. మా పిన్ని కొడుకు."

"నాకు చెల్లెలెక్కడేడిసిందిరా?" అంది మా అత్తగారు. ఆవిడకి ఇది ఇష్టం లేదు. "నేను వచ్చేవోడికి పోసాను గానీ, లేనోడికి పొయ్యలేదు."

పెద్దక్కని ఖాయం చేశాను.

జ్యేష్ఠ బహుళ చవితి

జోగినాథానికి పెద్దక్క పేరు ఒక్కటే చెప్పాను, ఇక ఇది ఆయనకి చూపించే రాత కాదు. అయినా అలవాటైపోయింది.

సూరిబాబు వంతు దిగింది. బియ్యం, కందిపప్పు, బెల్లం, ఒక చిన్న సీసాలో నెయ్యి. కుర్రాడికి నెయ్యి కూడా ఇస్తారని నాకు తెలియదు. హైమ ఆ సీసా మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేసింది, మళ్ళీ తీసింది. రాత్రి కందిపప్పులో వేసుకుని తిన్నాం. "సూరిబాబు చల్లగా ఉండాలి" అన్నాడు మా ఆయన చెయ్యి కడుక్కుంటూ.

ఇప్పుడు ప్రతి దానికీ వాడే. ఫ్యాను ఎక్కువసేపు వేస్తే సూరిబాబుకి ఉక్కపోస్తోందంటుంది హైమ. గ్లాసు పగిలితే సూరిబాబు పగలగొట్టాడంటాడు మా ఆయన. మా అత్తగారు మాత్రం ఆ పేరు ఎత్తదు. కానీ ఐదు గ్లాసులూ నిండా పోస్తోంది. నేను చాలా తెలివైనదాన్నని అనుకున్నాను. సంతోషంగా ఉంది, ఎందుకు అబద్ధం రాయాలి.

జ్యేష్ఠ అమావాస్య

పోటు పెద్దది వచ్చింది. తూర్పు గట్టు నెర్రెలిచ్చిందని చెప్పుకుంటున్నారు. మా కొట్టులో జల్లెడల నిండా బురద. హైమకి కొత్త రవిక బిగుతైంది. విప్పి కుట్టాలి.

ఆషాఢ శుద్ధ విదియ

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తాను.

ఇప్పటిదాకా గట్టు పనికి ఇష్టమున్నవాళ్ళే వెళ్ళేవాళ్ళు, రెట్టింపు వంతుకి ఆశపడి. ఈ రోజు చాటింపు వేశారు. ఇరవై నుంచి నలభై లోపు మగవాళ్ళందరూ తూర్పు గట్టుకి రావాలి. పేరుండి రానివాడి ఇల్లు ఖాళీ చేయించి అవతలికి పంపుతారు. మా ఆయనకి నలభై దాటి చాలా ఏళ్ళయింది కాబట్టి నేను చాటింపు వింటూ జల్లెడ కడుగుతూనే ఉన్నాను. మా మెరక పేర్లు చదివారు. మన్యం వీధి అయ్యాక మా వీధి. మా ఇంటి నంబరు. సూరిబాబు.

జల్లెడ కాలవలో పడిపోయింది.

ఆషాఢ శుద్ధ చవితి

"అక్కా, సూరిబాబు ఊరెళ్ళిపోయాడు. పేరు తీసెయ్యి" అన్నాను పెద్దక్కతో.

"ఏ ఊరు చెల్లీ? గేటు దాటినట్టు రాతలో లేదే."

"అసలు లేడు. నేనే తప్పు చెప్పాను."

"అలాగనకు. రోజూ తింటన్నాడు కదా, నేను చూత్తన్నాను కదా. మనిషిని రాయడం నా పని. తియ్యడం నా చేతుల్లో లేదు చెల్లీ. చనిపోతే గాదె తీస్తాది."

పెద్దక్కని మానేసి నిక్కచ్చికి మారిపోతామన్నాను. మారొచ్చు కానీ ఇంటి మనుషులందరూ నీతోనే వస్తారంది. ఐదో గ్లాసు పొయ్యొద్దని అత్తగారిని బతిమాలాను. ఆవిడ పొయ్యలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నాలుగే పోసింది. సాయంత్రానికల్లా పెద్దక్క కంగారుపడింది. "సూరిబాబు పొద్దుట్నించీ తినలేదు. గట్టుకెళ్ళే కుర్రోడు, నీరసపడిపోతాడు చెల్లీ. డాక్టరుకి చెప్పనా?"

దాన్ని పగలగొట్టాలనిపించింది. పగలగొడితే బియ్యం ఎవరు దించుతారు?

ఆషాఢ శుద్ధ షష్ఠి

నిజం చెప్పేద్దామన్నాను. నేనే చేశాను, నన్నొక్కదాన్నే పంపమని కాళ్ళు పట్టుకుంటానన్నాను. మా ఆయన గోతం మడత పెడుతున్నాడు.

"ఒక్కదాన్ని పంపరే. ఇంటిల్లిపాదినీ పంపుతారు. నెయ్యి నలుగురం తిన్నాం."

"మరి?"

"ఈ ఇంట్లో మగోణ్ణి నేనొక్కణ్ణే కదా."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కేకలు వేశాను. నీ భుజం, నీ వయసు, నిన్ను చూసి పాతికేళ్ళవాడని ఎవడనుకుంటాడు, పిచ్చెక్కిందా అన్నాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. అన్నీ అయ్యేదాకా ఆయన గోతం మడత పెడుతూనే ఉన్నాడు.

"గట్టు మీద వేలిముద్రలు అడగరు. ఉప్పుకి వేళ్ళు అరిగిపోతాయి. మెళ్ళో పేరున్న బిళ్ళ వేసి పంపేత్తారు. పౌర్ణమి పోటు దాటితే వొదిలేత్తారంట. నా గోతాలు నేనే మోత్తాను, అంతేగా."

హైమ గుమ్మంలో నిలబడి వింది. నాన్నా అని ఒక్కసారి అంది. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మా అత్తగారు కొడుకు పక్కన కూర్చుని ఆ జారిన భుజానికి నూనె రాయడం మొదలుపెట్టింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆషాఢ శుద్ధ సప్తమి

పంపేశాను. నేనూ వెళ్ళాను గేటుదాకా. పేర్లు చూసేది జోగినాథమే. మా ఆయన ప్రతి వారం ఆయనకే గోతాలు అప్పజెబుతాడు.

"సూరిబాబు" అని పిలిచాడు. మా ఆయన ముందుకెళ్ళాడు. జోగినాథం తలెత్తి చూసి, నెరిసిన జుట్టు చూసి, నా వైపు చూసి, మళ్ళీ కాగితంలోకి చూశాడు.

"పేరుకో మనిషి కావాలండి నాకు. తల తగ్గితే నా తలకి చుట్టుకుంటాది" అన్నాడు మెల్లిగా. బిళ్ళ మెళ్ళో వేశాడు.

మా ఆయన వెనక్కి తిరిగి, "వెళ్ళొత్తాను వదినా" అన్నాడు. అందరి ముందూ అలాగే అనాలి కదా. కానీ మొహంలో ఏమీ కనపడనివ్వకుండా అన్నాడు, ఎప్పటిలాగే. నాకు నవ్వొచ్చింది, అక్కడే, ఏడుస్తూనే.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

చిట్టబ్బాయి ఇంట్లో కూర్చుని గోతాలు కుడుతున్నాడు. రాతలో అలాగే ఉండాలి. కాబట్టి ఆయన వాటా గోతాలు నేనూ హైమా కుడుతున్నాం. హైమ వేళ్ళు చీరుకుపోయాయి. బడికి వెళ్ళడం లేదు.

"చిట్టబ్బాయి మరిదిగారి మాట వినపడట్లేదేం?" అంది పెద్దక్క.

"గొంతు పట్టేసింది" అన్నాను.

"తిండి కూడా తగ్గింది."

అప్పట్నుంచీ ఆయన వంతు నేను తింటున్నాను. మింగుడుపడదు. అయినా తింటున్నాను. తూకం చూస్తూ ఉంటుంది.

తూర్పు గట్టు నుంచి వచ్చినవాళ్ళు చెబుతున్నారు, పగలు బస్తాలు వేస్తే రాత్రి పోటు లాక్కుపోతోందట. మా ఆయన్ని చూశారా అని అడగడానికి లేదు. మా మరిదిని చూశారా అని అడిగాను. ముసలాయన ఒకాయన కుర్రాళ్ళతో సమానంగా మోస్తున్నాడు, ఆయన పేరేదో తెలియదన్నారు.

ఆషాఢ పౌర్ణమి

గాలి. నీళ్ళ చప్పుడు ఇక్కడిదాకా వినపడుతోంది. ముగ్గురం ఒక్క చోటే కూర్చున్నాం. మా అత్తగారు దేవుడి పేరు కూడా తలుచుకోవడం లేదు, కొడుకు పేరే మళ్ళీ మళ్ళీ అనుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి. నాకు చాలా భయంగా ఉంది.

ఆషాఢ బహుళ పాడ్యమి

గట్టు నిలబడింది. అందరూ పండగ చేసుకుంటున్నారు. తర్వాత మైకు గొట్టంలో పోయినవాళ్ళ పేర్లు చదివారు. మా వీధి నుంచి ఒకటే పేరు.

పక్కవాళ్ళు వచ్చి పలకరించారు. "పాపం, చిన్న వయసు. మేం ఒక్కసారి కూడా చూడనేలేదు" అన్నారు. "చిట్టబ్బాయి గారెలా ఉన్నారు? తమ్ముణ్ణి పోగొట్టుకుని పాపం లేవలేకపోతున్నారేమో" అన్నారు. లోపల పడుకున్నారని చెప్పాను. హైమ నోట్లో కొంగు కుక్కుకుని వంటింట్లో కూర్చుంది.

ఆషాఢ బహుళ విదియ

గాదె వెనక చావడిలో వరసగా పడుకోబెట్టారు. పోయినవాణ్ణి ఇంటివాళ్ళు గుర్తుపట్టి, ఏమవుతాడో చెప్పి, వేలిముద్ర వెయ్యాలి. పెద్దవాళ్ళు వెయ్యాలట. అత్తగారు రావాలన్నారు. హైమని ఇంట్లో ఉండమంటే ఉండలేదు.

దారంతా నేను అత్తగారి చెయ్యి పట్టుకుని చెబుతూనే ఉన్నాను. సూరిబాబు అనండి అత్తయ్యా, హైమ కోసం అనండి. ఆవిడ వింటోందో లేదో తెలియలేదు. ఈవిడ జన్మలో అబద్ధం ఆడిన మనిషి కాదు. ఇంత ఘోరంలో ఆడుతుందా? ఆడమని అడగడానికి నాకు నోరెలా వచ్చింది?

జోగినాథం గుడ్డ తీశాడు. మా ఆయనే. మొహం మీద ఇసుక అంటుకుని ఉంది. తుడవాలని చెయ్యి చాచి, చుట్టూ జనం ఉన్నారని ఆపుకున్నాను. వదిన అలా తుడవదు.

"మీకేమవుతాడమ్మా?" అన్నాడు జోగినాథం. ఆయనకి తెలుసు. కలం పట్టుకుని కిందికే చూస్తున్నాడు.

"కొడుకు" అంది మా అత్తగారు.

జోగినాథం కలం కదల్లేదు. "ఆలోచించుకుని చెప్పండమ్మా" అన్నాడు. "మీరేది చెబితే అదే రాయాలి నేను. రాసాక నా చేతుల్లో ఉండదు."

మా అత్తగారు వంగి, కొంగుతో ఆ మొహం మీద ఇసుక తుడిచింది. చెవుల వెనక కూడా తుడిచింది, చిన్నపిల్లాడికి తుడిచినట్టు. తర్వాత తలెత్తి హైమని చూసింది. చాలాసేపు చూసింది.

"చెల్లెలి కొడుకు" అంది. "మా చెల్లెలి కొడుకు సూరిబాబు."

వేలిముద్ర వేసింది. నాదీ అడిగారు. వదినని అని చెప్పి వేశాను.

మెట్ల దగ్గర ఆవిడ నా చెయ్యి విడిపించుకుంది. ఇంటికొచ్చి తలస్నానం చేసి, కొడుకు గోతాలు కుట్టే చోట గోడవైపు తిరిగి పడుకుంది. నా మొహం చూడలేదు. ఇక చూస్తుందనుకోను. నా చేతులకి గాజులున్నాయి, నుదుట బొట్టుంది. తియ్యడానికి లేదు. మా ఆయన రాతలో బతికే ఉన్నాడు, ఇక ఎప్పటికీ ఆయనకి చావు లేదు. నేను ఏడ్చినా మరిదికి ఏడ్చినంతే ఏడవాలి.

చీకటి పడుతుండగా పెద్దక్క పిలిచింది.

"చెల్లీ, సూరిబాబు పేరు గాదె తీసేసింది. చాలా బాధగా ఉంది. మళ్ళీ నలుగురయ్యారు. చిట్టబ్బాయి మరిదిగారు బెంగతో ఈ రోజు అసలు తినలేదు. ఆయన వంతు కొన్నాళ్ళు ఆపమంటావా?"

హైమ నా వైపు చూసింది. గోడ దగ్గర మా అత్తగారు కదల్లేదు కానీ వింటోంది.

"ఆపొద్దక్కా" అన్నాను. "తింటారు."

బియ్యం దిగాయి. వెళ్ళి తెచ్చుకున్నాను.